బోనెట్ ముందు కూర్చునే ఉస్తాద్

"మీరు బకీటు సారేనా?" అని అడిగింది ఫోనులో ఒక అమ్మాయి.

ఆ సమయానికి నేను పధ్నాలుగో అంతస్తులో, గాజు గోడల గదిలో నిలబడి, వచ్చే మూడు నెలల్లో మా విభాగం సాధించబోయే అద్భుతాల గురించి పదకొండు మందికి చెబుతున్నాను. వాళ్లలో నలుగురు వింటున్నట్టు నటిస్తున్నారు. మిగతావాళ్లకు ఆ ఓపిక కూడా లేదు. నా కార్డు మీద హోదా ఒక వరుసలో పట్టదు, రెండో వరుసలోకి దిగుతుంది. అంత పొడుగు హోదా సంపాదించుకున్న మనిషిని పట్టుకుని బకీటు సారేనా అంటే కోపం రావాలి. నాకు రాలేదు. ఈ నగరంలో నన్ను ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్కడే ఉన్నాడు.

"అవునమ్మా, నేనే," అన్నాను బయటికి వచ్చి.

"బాలానగర్ నుంచి మాట్లాడుతున్న సార్. ఉస్తాద్ బిడ్డను. బాపు పోయిండు, మొన్న ఐతారం. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నోడు అట్లనే ఒరిగిండు. వచ్చే బుధవారం పదకొండో దినం. ఫోన్ల ఉన్నోళ్లందరికి చెప్తున్న."

 అడగకూడనిదే అడిగాను. "నా పేరు అందులో అలాగే ఉందా?"

"బకీటు సార్ అనే ఉన్నది. మీ తర్వాత సెల్ఫీ సార్ ఉన్నడు. ఆయనకింక చెయ్యాలె," అని పెట్టేసింది.

ఆయన నంబరు నా ఫోనులో 'సస్పెన్షన్ బాలానగర్' అని ఉంది. పేరు ఎప్పుడూ అడగలేదు. అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అన్నాను.

నేను పికప్ ట్రక్కు ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. చెప్పుకోదగ్గ కారణం ఒక్కటైనా ఉంటే బాగుండేది. నేనుండేది పుప్పాలగూడలో, ఆఫీసు నానక్‌రాంగూడలో. నడిచి వెళ్లేవాడికి అరగంట, కారులో వెళ్లేవాడికి ముప్పావుగంట. ఈ దూరాన్ని జయించడానికి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే, కొండలెక్కగల, వెనక పావు టన్ను మోయగల బండి అవసరమని నాకు తోచింది. "వెనక ఏం వేసుకెళ్తారండీ?" అని మా ఆవిడ అడిగింది. స్వేచ్ఛ అన్నాను. "అయితే టార్పాలిన్ కూడా కొనండి, వానకి తడిసిపోతుంది," అంది.

కొన్న రెండు నెలలకే నా స్వేచ్ఛలో లోపం బయటపడింది. మా ఆఫీసు సెల్లారులో నా పక్కనే బండి నిలిపే ఒకాయనకి కూడా అదే ట్రక్కు, అదే రంగు. ఆయన దానికి పెద్ద టైర్లు వేయించి, ముందు భాగం పైకి ఎత్తించాడు. కంపెనీ నుంచి వచ్చే పికప్పుకి వెనక భాగం కాస్త ఎత్తుగా, ముందు భాగం కాస్త దిగి ఉంటుంది. అప్పటిదాకా నేనది గమనించలేదు. ఆయన బండి పక్కన నాది పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు తల వంచుకుని కనపడింది. ఆయన జీతం నా జీతం కంటే తక్కువ అన్న సంగతి కూడా నన్ను ఓదార్చలేకపోయింది.

కోకాపేటలో ఇలాంటి పనులు చేసే పెద్ద షోరూముకి వెళ్లాను. కాఫీ ఇచ్చారు. నా బండి ఎడారి ఇసుక తిన్నె మీద నిలబడితే ఎలా ఉంటుందో తెర మీద చూపించారు. నా వ్యక్తిత్వానికి ఏ సైజు టైరు నప్పుతుందో చెప్పడానికి ఒక కన్సల్టెంటు కూడా ఉన్నాడు. ఆ సాయంత్రం మా అపార్ట్‌మెంటులో ఒకరి దగ్గర పనిచేసే డ్రైవరు నా చేతిలో ఆ షోరూము కాగితాలు చూసి నవ్వాడు. "వాళ్లు గూడ బండ్లను బాలానగర్‌కే పంపుతరు సార్. మీరే సీదా పోండ్రి," అన్నాడు.

బాలానగర్‌లో లేతు మిషన్ల సందు చివర ఒక రేకుల షెడ్డు. బోర్డు లేదు. వెనకనే రెండు గదుల ఇల్లు. కాఫీ లేదు, తెర లేదు, ఎడారి అసలే లేదు.

ఆయనకి అరవై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి. ఖాకీ చొక్కా జేబులో ఒక సుద్దముక్క, దారంతో కట్టిన కళ్లద్దాలు. ఆ కళ్లద్దాలు ముఖానికి పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. వచ్చినవాడి ముఖం కూడా చూసేవాడు కాదు. నేరుగా బండి దగ్గరికి వెళ్లి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, మడ్‌గార్డు అంచుని అరచేత్తో తుడిచేవాడు. తర్వాత చక్రం మధ్య నుంచి ఆ అంచు దాకా జానలతో కొలిచేవాడు. వెనక్కి వెళ్లి అక్కడా అంతే. టేపు చొక్కా రెండో జేబులోనే ఉండేది.

"ముందట మూడు వేళ్లు కిందికున్నది," అన్నాడు లేస్తూ.

"అదే ఉస్తాద్. సమానం చేయాలి. టైర్లు కూడా పెద్దవి వేయాలి."

"ఎన్క ఏమేస్తరు సార్?"

"అంటే?"

"బరువు. సిమెంటా, ఇనుమా, కూరగాయలా?"

నిజమే చెప్పాను. "ల్యాప్‌టాప్ బ్యాగు."

"ఎంతుంటది?"

"రెండు కిలోలు."

"అది గూడ ముందట సీట్లనే పెడ్తరు గదా?"

పెడతాను. ఒప్పుకున్నాను.

ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే నయంగా ఉండేది. ఇరుసుల మీద తీర్పు చెప్పే జడ్జిలాగా తల ఊపాడు. "కంపెనోడు పిచ్చోడు గాదు సార్. ఎన్క బరువు పడ్తే ఎన్క దిగుతది, అప్పుడు బండి సమానమైతది. అందుకే ముందటి దిక్కు కిందికి పెట్టిండు. మీరు బరువెయ్యకపోతిరి. అది ఎదురు చూస్తున్నది."

"దేనికి?"

"పనికి," అన్నాడు.

తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. టైరు పెద్దదైతే డీజిలు ఎక్కువ తాగుతది. మీటరు తక్కువ స్పీడు చూపుతది, అంటే బండి మీకు అబద్ధం చెప్తది. బ్రేకు కొట్టినంక జర దూరం పోయి ఆగుతది. స్టీరింగు పూరా తిప్పితే టైరు లోపల ప్లాస్టిక్‌కు రాసుకుంటది, అది కొయ్యాలె. "ఇగ చెప్పుండ్రి, చెయ్యాల్నా?"

"మీరు చేయనంటారా?"

"ఎందుకు చెయ్య? నా పనే గిది. ఐతే చెప్పకుంట చెయ్య," అన్నాడు. ఆ తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు, "టైర్ల ఉండేది గాలే సార్. పెద్ద టైరంటే జర ఎక్కువ గాలి. గంతే," అన్నాడు. ఈ మాట ఆయన ప్రతి గిరాకీకీ చెబుతాడని తర్వాత తెలిసింది. నా ఒక్కడి కోసం పుట్టిన మాటనుకుని ఆ రోజు అనవసరంగా బాధపడ్డాను.

పని ఒక పగలంతా పట్టింది. ముందు షాకబ్జర్ల మీద ఇనుప బిళ్లలు కూర్చోబెట్టి ముందు భాగాన్ని ఎత్తాడు. అవి కూడా ఆయన పక్క లేతు మీద చేయించినవే. టైర్లు ఎక్కించి, స్టీరింగు ఆ చివర నుంచి ఈ చివరకి నాలుగుసార్లు తిప్పి, రాసుకున్న చోట ప్లాస్టిక్‌ని కోసి, ఆ అంచుని గరుకు కాగితంతో నున్నగా రుద్దాడు. చక్రాల వరస, అంటే అలైన్‌మెంటు, సరిచూశాడు. నా బండి తల ఎత్తింది. నేను దాని చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నాను.

తాళంచెవి అడిగాను. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఎక్కి కూసోండ్రి."

కూర్చున్నాను. ఆయన బండి ముందుకి వెళ్లి మాయమైపోయాడు. ఏదో బోల్టు బిగిస్తున్నాడనుకున్నాను.

"కనవడ్తున్ననా సార్?" బోనెట్ కింద నుంచి గొంతు.

"లేదు ఉస్తాద్."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడు?"

ఆయన గొంతుక్కూర్చునే, బాతులాగా ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతున్నాడని కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తే అర్థమైంది. "తల లోపల పెట్టుండ్రి. సీట్లకెల్లే చూడాలె!" అని కసిరాడు. చివరికి బోనెట్ అంచు మీద నెరిసిన జుట్టు, తర్వాత నుదురు కనపడ్డాయి. కనపడ్డారన్నాను. ఆయన అక్కడ నేల మీద సుద్దతో గీత గీసి, నన్ను దింపి, ఆ గీత నుంచి బంపరు దాకా నడిపించాడు. అయిదు అడుగులు.

"ఇక్కడికెల్లి ఇక్కడి దాంక మీకు లోకం లేదు. పొద్దుగాల మీరు వచ్చినప్పుడు నాలుగడుగులుండె. ఈ ఒక్క అడుగు నేను పెట్టింది. సమజయిందా?"

"అయింది."

"ఏం సమజయింది? చెప్పుండ్రి."

శిక్షణ తరగతుల చివర వందలమంది చేత 'నాకు అర్థమైంది' అనే గడిలో టిక్కు పెట్టించే మనిషిని నేను. నన్ను రెండో తరగతి పిల్లాడిలా నిలబెట్టాడు. "ఇక్కడ ఎవరైనా కూర్చుంటే నాకు కనపడరు," అన్నాను.

"జోర్‌గ చెప్పుండ్రి."

పక్క షెడ్డులో లేతు ఆపి మరీ చూస్తున్నారు. గట్టిగా చెప్పాను. అప్పుడు తాళంచెవి ఇచ్చాడు.

మర్నాడు ఆఫీసులో ఈ కథ చెప్పి అందరినీ నవ్వించాను. ఆయన యాసతో సహా, బాతు నడకతో సహా. బాగా రక్తి కట్టింది. ఇంకో అంతస్తు వాళ్లు కూడా వచ్చి మళ్లీ చెప్పించుకున్నారు.

ఆ తర్వాత చక్రాల వరస చూపించుకోవడానికని చాలాసార్లు వెళ్లాను. ఒకసారి బండి నిండా బురద పూసుకుని వెళ్లాను. కడిగించలేదు, కావాలనే. ఆయన గోటితో ఒక పెళ్ల గీకి, వేళ్ల మధ్య నలిపాడు.

"ఏడిది సార్ బురద?"

"వికారాబాద్ అడవిలోకి వెళ్లాం ఉస్తాద్, రోడ్డు లేని దారిలో."

ఆయన నలిపిన మట్టిని వాసన చూశాడు. "ఇది మణికొండ బురద సార్. పైపు లైనుకు తవ్విండ్రు గదా."

నిజమే. వికారాబాద్‌లో మేము వెళ్లిన చోటికి గేటు దాకా తారు రోడ్డే ఉంది. లోపల కాఫీ కూడా బాగుంది. బురద తిరుగు ప్రయాణంలో ఇంటి దగ్గర దొరికింది.

మనుషుల్ని ఇలా ఏడిపించే ఆయనకి ఒక్క విషయంలో మాత్రం హాస్యం ఉండేది కాదు. ఇంజను ఆడుతున్న బండి ముందు ఎవరూ నిలబడకూడదు. చాయ్ తెచ్చేవాడైనా, లేతు పని చేసేవాడైనా, దారిన పోయేవాడైనా, "ముందటికెల్లి జరుగు!" అని అరిచేవాడు. ఒకసారి నేనుండగానే ఒక గిరాకీ, ఎత్తించిన తన కొత్త బండి ముందు గొంతుక్కూర్చుని సెల్ఫీ తీసుకుంటున్నాడు. ఇంజను ఆడుతోంది, లోపల ఆయన స్నేహితుడున్నాడు. ఉస్తాద్ పానా పడేసి పరుగెత్తి, ఇస్త్రీ చొక్కా కాలరు పట్టుకుని పక్కకి లాగేశాడు. ఆ మనిషికి ఒళ్లు మండింది. "నేనెవరో తెలుసా నీకు?" అన్నాడు.

"తెల్వదు సార్. ఆ సీట్ల కూసున్నోనికి గూడ తెల్వదు. గదే చెప్తున్న," అన్నాడు ఉస్తాద్.  కాలరు వదిలాక కూడా వంగి, బండి ముందు ఇంకెవరైనా ఉన్నారేమో చూశాడు. పెద్దవయసు చాదస్తమనుకున్నాను.

ఇక బకెట్ సంగతి.

మా అపార్ట్‌మెంటు సెల్లారులో నేను బండి పెట్టే చోట నేల మీద నూనె మరక ఉంది. దాని ఫొటో తీసి, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఇంత నిర్వహణ రుసుము కడుతున్నా శుభ్రత ఇదేనా అని నిలదీసింది నేనే. మరక నా బండిదే. మర్నాడు పొద్దున్న, హౌస్‌కీపింగ్ పని చేసే సాయమ్మని ఆ మరక రుద్దమని పంపారు. ఆమె నా బండి ముందు కూర్చుని బ్రష్షుతో రుద్దుతోంది. నేను ఫోను చెవికి పెట్టుకుని వచ్చాను, పక్క నుంచి తలుపు తీసుకుని ఎక్కాను. మీటింగు మొదలైపోయింది. బండి స్టార్టు చేసి కదిలించాను.

ఫట్‌మని చప్పుడు. "ఓ సారూ! నేనున్న! నేనున్న!"

బ్రేకు తొక్కాను. దిగి చూస్తే నీలం ప్లాస్టిక్ బకెట్ చక్రం కింద అప్పడంలా ఉంది. సబ్బు నీళ్లు పారుతున్నాయి. సాయమ్మ వెనక్కి పడి స్తంభానికి ఆనుకుంది. మోచెయ్యి గీరుకుపోయింది. బ్రష్షు ఇంకా చేతిలోనే ఉంది. చెప్పు ఒకటి బంపరు కింద ఉంది. ఆ చెప్పుకీ చక్రానికీ మధ్య జానెడు దూరం కూడా లేదు.

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: "చూసుకోవాలి కదమ్మా."

ఫోనులోంచి, "హలో, ఉన్నారా? మీ గొంతు వినపడటం లేదు," అంటున్నారు.

మధ్యాహ్నానికి నలిగిన బకెట్ ఫొటో వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. శుభ్రం చేసే పని ఏడు గంటల లోపే ముగించాలని ఒకరు అన్నారు. పనివాళ్లకి మెరిసే జాకెట్లు ఇవ్వాలని ఇంకొకరు. ఆకుపచ్చదా నారింజదా అన్న దాని మీద ఇరవై సందేశాలు నడిచాయి. ఒకాయన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. సాయమ్మ ఎలా ఉందని ఎవరూ అడగలేదు. నేను నారింజకి ఓటేశాను.

మర్నాడు ఆఫీసుకి వెళ్లకుండా బాలానగర్ వెళ్లాను.

"దించేయండి ఉస్తాద్. బిళ్లలు తీసేయండి. పాత టైర్లే వేసేయండి."

ఏదో ఒకటి అంటాడని సిద్ధపడే వెళ్లాను.  ఆయన మాత్రం మొదటిసారి బండిని వదిలేసి నా ముఖంలోకి చూశాడు. "ఏమయింది?"

చెప్పాను. నా మొదటి మాట తప్ప అంతా చెప్పాను.

"తాకిందా?"

"లేదు. మోచెయ్యి గీరుకుంది అంతే. బకెట్ నలిగింది."

"మాఫీ అడిగినరా?"

"కొత్త బకెట్ కొనిచ్చాను. స్టీలుది."

"బకీటు ముచ్చట అడుగలే సార్. మాఫీ అడిగినరా అని అడిగిన."

నేను నేల చూశాను. ఆయన జాకీ తీసుకుని బండి కిందికి దూరాడు. పానాతో బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. తర్వాత కింద నుంచి మాట వచ్చింది. ముఖం కనపడలేదు, కాళ్లు మాత్రమే బయటికి ఉన్నాయి.

"ఎనుకట ఒక డ్రైవరు ఉండె సార్. ఒక జీపును ఎత్తు చేసినంక, ఎట్ల నడుస్తున్నదో చూస్తనని ఎక్కిండు. దిగి చూడలే. సీట్లకెల్లే చూసిండు. ఖాళీ జాగ అనుకున్నడు. ముందట చిన్నపిల్ల కూసున్నది, ఏడేండ్లది. కాలు మీదికెల్లి పోయింది."

"పిల్ల...?"

"బతికింది. నడుస్తది." పానా ఆగింది. "నడుస్తది గని, చూసెటోనికి తెలుస్తది."

"ఆ డ్రైవరు ఏమయ్యాడు?"

"వానికేమైతది? ఏం గాలే. పోలీసులు రాలే, ఎవ్వరేమనలే. రోజు అన్నం తింటడు. మాఫీ అడగాలంటే, మొదట్ల పిల్ల చిన్నది, దానికేం సమజయితది అనుకున్నడు. పిల్ల పెద్దగయినంక, ఇప్పుడెందుకు యాది చేసుడు అనుకున్నడు. దినాలు దాటుతే నోరు రాదు సార్. మీరు ఇయ్యాల్నే పోండ్రి."

బండి దించాక కూడా ఆయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. ఈసారి ఎవరూ అడగకుండానే, అక్కడ కూర్చుంటే నాకు కనపడరని గట్టిగా చెప్పాను.

ఆ సాయంత్రం సాయమ్మ మెట్ల కింద సామాన్లు సర్దుకుంటుంటే వెళ్లి నిలబడ్డాను. హోదా రెండో వరుసలోకి దిగే మనిషికి 'తప్పు నాదే, క్షమించమ్మా' అన్న మూడు మాటలు ఎంత బరువుంటాయో అప్పుడు తెలిసింది. నా బండి మోసిన మొదటి బరువు అదే అనుకుంటాను. ఆమె కంగారు పడింది. "అయ్యో, గట్లంటరేంది సార్! నేను సప్పుడు చెయ్యకపోతి," అంది. తర్వాత కాస్త తేరుకుని, "మీరు చూసుకోవాలె అన్నప్పుడు మాత్రం మస్తు బాధయింది సార్. నాకు కండ్లున్నయి గదా అనుకున్న," అంది.

తర్వాతిసారి బాలానగర్ వెళ్తే, "రాండ్రి బకీటు సార్," అన్నాడు ఉస్తాద్. వెళ్లి మాఫీ అడిగానో లేదో మాత్రం అడగలేదు. నా ముఖం చూసి తెలుసుకున్నాడనుకుంటాను.

పదకొండో రోజున వెళ్లాను. సందులో షామియానా వేశారు. దాని బయట మా ఐటీ కారిడార్ నుంచి వచ్చిన పికప్పులూ జీపులూ బారులు తీరి, సందు మొత్తం మూసేశాయి. లేతు షెడ్డుకి ఇనుము తెచ్చిన ఆటో ట్రాలీ వెనక్కీ ముందుకీ కదల్లేక హారన్ కొడుతోంది. అసలు బరువు మోసే బండి అదొక్కటే. నల్ల కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకున్న ఏడెనిమిది మంది ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఒకరికొకరం తెలియదు. "మీరు...?" అని ఒకాయన అడిగితే, "బకీటు సార్," అన్నాను. ఆయన ముఖం వెలిగింది. "నేను సెల్ఫీ సార్," అని చెయ్యి కలిపాడు. అదే ఇస్త్రీ చొక్కా మనిషి. ఆ తర్వాత మేమంతా ఒక మంచి మనిషి పోయినందుకు రెండు నిమిషాలు బాధపడి, ఎవరు ఏ సైజు టైరు వాడుతున్నామో పది నిమిషాలు మాట్లాడుకున్నాం.

ఫొటోకి దండ వేసి, కింద పేరు రాశారు. మొదటిసారి చదివాను. అది ఇక్కడ రాయను. నాకు తెలిసిన మనిషిని ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు.

ఇంట్లోంచి ఇరవై అయిదేళ్ల అమ్మాయి వచ్చింది. ఫోనులో విన్న గొంతే. రాయదుర్గం దగ్గర ఏదో కంపెనీలో టెస్టింగ్ పని చేస్తుందట. కుడి కాలు వేసేటప్పుడు నడుము కాస్త వంచి, అడుగు ఈడ్చి వేస్తోంది. చూసేవాడికి తెలుస్తుంది.

నా చేతిలో ప్లేటు వంగింది. ఆమె చూసింది.

"బకీటు సార్ మీరేనా?"

"అవునమ్మా."

పక్కకి రమ్మని, షెడ్డు గోడ దగ్గర నిలబడింది. "ఒకటి అడుగుత సార్. బాపు మీకు ఒక డ్రైవరు ముచ్చట చెప్పిండా?"

"చెప్పారు."

"మస్తుమందికి చెప్పిండట. సెల్ఫీ సార్‌కు గూడ చెప్పిండట. ఇంట్ల ఎన్నడు చెప్పలే. ఆ డ్రైవరు ఎవరో మీకు ఎరికేనా?"

"ఇప్పుడే తెలిసింది," అన్నాను.

"నా కాలు దిక్కు చూస్తే లేచి ఎల్లిపోతుండె. అమ్మ ఆ మాటెత్తితే అన్నం ముందటికెల్లి లేస్తుండె. పద్దెనిమిదేండ్లు. నన్ను షెడ్డులకే రానియ్యలే." ఆమె చున్నీ అంచుని వేలికి చుట్టుకుంది. "ఏం చెప్పిండో చెప్పుండ్రి సార్. ఆయన ఎట్ల చెప్పిండో అట్లనే."

చెప్పాను. ఒకప్పుడు ఆఫీసులో ఆయన యాస అనుకరించి నవ్వించిన నోటితోనే, ఆయన మాటల్ని ఆయన మాటల్లాగే చెప్పాను. రోజు అన్నం తింటడన్నది, పిల్ల చిన్నదనుకున్నది, పెద్దదయ్యాక ఇప్పుడెందుకనుకున్నది, దినాలు దాటితే నోరు రాదన్నది. ఒక్క మాట కూడా వదల్లేదు. ఆమె కదలకుండా విన్నది.

"దిగి చూడలే అన్నడా?" అని అడిగింది చివరికి.

"అన్నారు. సీట్లోంచే చూశాడన్నారు."

"అబద్ధం సార్." గొంతు ఒక్కసారిగా పైకి లేచింది, మళ్లీ తగ్గించుకుంది. "దిగిండు. జీపు సుట్టు మొత్తం తిరిగి చూసిండు. నాకు మంచిగ యాదున్నది. ఆయన ఒక దిక్కుకెల్లి వస్తుంటే నేను ఇంకో దిక్కుకు జరిగిన. దాగుడుమూతలు ఆడుతున్న అనుకున్న. బాపుకు కనవడొద్దని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, ముందటికొచ్చి కూసున్న."

నేను చేతిలో ప్లేటు కింద పెట్టాను.

"కోప్పడ్తడని చిన్నప్పుడు చెప్పలే. తర్వాత ఎట్ల చెప్పాల్నో తెల్వలే. ఆయన అంతా తన మీదనే వేసుకున్నడు. చెయ్యని తప్పు గూడ వేసుకున్నడు." కళ్లు తుడుచుకుంది. "ఇయ్యాల మీకు చెప్తున్న. చెప్పాల్సింది ఆయనకు."

లోపల నుంచి ఎవరో పిలిచారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అన్నం తినకుంట పోకుండ్రి సార్," అని, అడుగు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లింది.

నేను కింద చాప మీద కూర్చుని, ప్లేట్లో ఉన్నదంతా తిన్నాను.